విద్యార్థి బృంద ప్రాజెక్టుల ద్వారా ఎజైల్ బోధన

ఎజైల్ అనునది సాఫ్ట్‌వేరును చిన్న భాగాలుగా నిర్మిస్తూ, ప్రతి భాగాన్నీ వాడుకరులకు చూపి, వారి అభిప్రాయం మేరకు తదుపరి పనిని నిర్ణయించుకొనే విధానము. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు దీని ప్రకటన పత్రాన్ని రూపొందించారు. విశ్వవిద్యాలయాలలో దీనిని విద్యార్థి బృందాల ప్రాజెక్టుల ద్వారా కూడా బోధిస్తారు.

పద్ధతి

ఎజైల్ విధానాలలో ప్రసిద్ధమైన స్క్రమ్‌లో పనిని నెలకు మించని స్ప్రింట్లుగా విభజిస్తారు. ఉదాహరణకు, హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల అభ్యర్థులు పెద్దసంఖ్యలో వస్తారు. అక్కడి ఖాళీ కుర్చీలను చూపే సాఫ్ట్‌వేరును ఒక బృందం చేపట్టిందనుకుంటే, మొదటి స్ప్రింటులో ఖాళీల సంఖ్య మాత్రమే చూపుతుంది. పుస్తకాలు ఉంచి భోజనానికి వెళ్ళినవారి కుర్చీ ఖాళీయా కాదా అన్న ప్రశ్న పాఠకులు వాడినప్పుడే బయటపడుతుంది. రెండవ స్ప్రింటు అక్కడినుండి మొదలవుతుంది.

మూల్యాంకనం

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2018 నాటి ఆర్18 నిబంధనలలో బి.టెక్ నాలుగవ సంవత్సరపు ప్రాజెక్టును రెండు దశలుగా విభజించింది. ఎజైల్ బోధనకు ఇంతకంటే తరచుగా సమీక్ష అవసరము. ఏ కళాశాలలోనైనా చివరలో మాత్రమే పరీక్షిస్తే, ఒకరిద్దరి శ్రమకు బృందమంతా మార్కులు పొందవచ్చు. బయట కొన్న ప్రాజెక్టు కూడా నెగ్గవచ్చు. ప్రతి స్ప్రింటు చివర ఎవరి భాగాన్ని వారే నడిపి, వివరించవలసి వస్తే ఈ రెండూ కష్టమవుతాయి.

పరిమితులు

దీనివలన అధ్యాపకులకు పని పెరుగుతుంది. 60 మంది తరగతిని నలుగురేసి చొప్పున 15 బృందాలు చేసి, బృందానికి అరగంట కేటాయిస్తే, ఒక్కొక్క స్ప్రింటు సమీక్షకు ఏడున్నర గంటలు పడుతుంది.