కోనీ ఐలాండ్: తిరుగుతూ నిలిచిన యంత్రాలు

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ దక్షిణపు అంచున, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న కోనీ ఐలాండ్ ఒకప్పుడు నిజంగానే దీవి. 1897లో స్టీపుల్‌చేజ్, 1903లో లూనా పార్క్, 1904లో డ్రీమ్‌ల్యాండ్ వినోద వనాలు ఇక్కడ వెలిశాయి. 1920లో సబ్‌వే వచ్చాక అయిదు సెంట్ల టికెట్టుతో కూలీనాలీ జనం కూడా సముద్రం చూడగలిగారు. కానీ కట్టడాల్లో చాలావరకు కొయ్యవే. 1911 మే 27 తెల్లవారుజామున, సీజన్ మొదలవ్వాల్సిన రోజునే, ఒక పడవల సవారీలో నీరు కారే చోట తారు పూస్తుండగా నిప్పంటుకుని డ్రీమ్‌ల్యాండ్ మొత్తం బూడిదైంది. 1944లో లూనా పార్క్ కూడా మంటల్లో దెబ్బతిని మూతపడింది.

మిగిలిన వాటిని చట్టం కాపాడిందని సాధారణంగా చెబుతారు. తేదీలు చూస్తే అలా అనిపించదు. 1927 నాటి సైక్లోన్ రోలర్ కోస్టర్‌ను అక్వేరియం విస్తరణ కోసం పడగొట్టాలని చూసినప్పుడు, 1975లో ఆస్ట్రోలాండ్ పార్కు దాన్ని లీజుకు తీసుకుని మరమ్మతు చేసి నడిపింది. నగరం దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది 1988లో. దాని చట్రం ఉక్కుదే అయినా, 85 అడుగుల ఎత్తు నుంచి బండి దూకే పట్టాల కింద పరిచినవి చెక్కలు. పాడైన చెక్క తీసి కొత్తది వేస్తూ ఉంటేనే అది సైక్లోన్. 1920లో మొదలైన 150 అడుగుల జెయింట్ వీల్, వండర్ వీల్‌నూ యజమానులు నడుపుతూ రాబట్టే 1989లో గుర్తింపు ఇవ్వడానికి అదంటూ మిగిలింది.

నడుపుతూ ఉంటేనే నిలుస్తాయన్న ఈ వాదనకు పారాచూట్ జంప్ అనే సవారీ ఎదురు నిలుస్తుంది. 1939 ప్రపంచ ప్రదర్శనకు కట్టి, 1941లో ఇక్కడికి తెచ్చిన ఆ ఉక్కు గోపురం 1960లలోనే ఆగిపోయింది. అయినా నిలిచే ఉంది. 1977లో ఇచ్చిన గుర్తింపును అదే ఏడు రద్దు చేసి, 1989లో మళ్లీ ఇచ్చారు. అక్కడ చట్టం పని చేసిన మాట నిజమే. కానీ రంగు వేస్తే ఉక్కు నిలబడుతుంది, వాడని కొయ్య నిలబడదు. 1925 నాటి థండర్‌బోల్ట్ రోలర్ కోస్టర్ ఆగిపోయి, గుర్తింపు లేక, ఏళ్ల తరబడి పాడుబడింది. 2000లో నగరమే దాన్ని కూల్చింది.

కోనీ ఐలాండ్ ఎప్పుడూ మారుతూనే ఉంది, ఆపడం దేనికని మరో అభ్యంతరం. పాత మార్పులో ఒక సవారీ పోతే ఇంకొకటి వచ్చేది. 1966లో స్థిరాస్తి వ్యాపారి ఫ్రెడ్ ట్రంప్ స్టీపుల్‌చేజ్ మంటపాన్ని కూల్చివేయించాక, అనుకున్న ఇళ్లు రాలేదు. ఆ స్థలంలో బేస్‌బాల్ మైదానం 2001లో గానీ రాలేదు. దాన్ని మార్పు అనలేం, పాడుపెట్టడం అనాలి. 1923లో తెరిచిన కొయ్య నడకదారి బోర్డ్‌వాక్‌కు 2018లో గుర్తింపు వచ్చేసరికే కొన్నిచోట్ల చెక్కల బదులు కాంక్రీటు, ప్లాస్టిక్ పలకలు వేసేశారు. సైక్లోన్‌లో చెక్కకు చెక్కే వేసిన పద్ధతి ఇక్కడా పాటించి ఉండాల్సింది.