కొత్తరెడ్డిపాలెం యూదులు

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో 1980ల చివర కొన్ని మాదిగ క్రైస్తవ కుటుంబాలు తాము యూదులమని ప్రకటించాయి. క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సీరియన్లు ఇజ్రాయెల్ రాజ్యాన్ని కూలదోయగా చెదిరిపోయిన పది తెగలలో ఎఫ్రాయీము తెగ తమదన్నారు. గొడ్డుమాంసం తింటారని ఊరు వారిని దూరం పెట్టింది. ఆ తిండినే వారు తమ ప్రాచీనతకు సాక్ష్యంగా చూపారు.

వంశం రుజువైందా అంటే, కాలేదు. అగ్రవర్ణాల గోత్రాలకు రుజువు ఎవరడిగారు? ఇలాంటి మూలకథ తెలంగాణ మాదిగలకూ ఉంది. మా మాక్లూరు వైపు చిందువారు చెప్పే జాంబపురాణంలో వారి మూలపురుషుడు జాంబవంతుడు భూమికంటే ముందే పుట్టాడు. చరిత్రలో చోటు దక్కనివారు తామే ఒక చరిత్రను కట్టుకున్నారని నా అభిప్రాయం. యూదుమతంలోనూ వారికి దొరికింది అటువంటి కథే. ఈజిప్టు దాస్యం నుంచి బయటపడ్డ రాత్రిని పస్కా పండుగనాడు ఇంటిల్లిపాదీ కూర్చుని ఏటా చెప్పుకుంటారు. ఏడవ దినం దాసుడికీ, దాసికీ, ఎద్దుకూ కూడా విశ్రాంతి ఇవ్వాలంటుంది వారి ధర్మశాస్త్రం. ఈ మాట పాలేరు చెవికి ఒకలాగా, పండితుడి చెవికి మరొకలాగా వినిపిస్తుంది.

అయితే మతం మారినంతమాత్రాన భూమి చేతికి రాదు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తించింది గాని, యూదుడినని రాయించుకున్న మాదిగకు షెడ్యూల్డు కులపు హక్కులు ఇవ్వదు. అటు ఇజ్రాయెల్ కూడా వారిని గుర్తించలేదు.