జీపీయూ వర్చువలైజేషన్

జీపీయూ వర్చువలైజేషన్ అనగా ఒక కంప్యూటరులోని గ్రాఫిక్స్ ప్రాసెసరును (జీపీయూ) అందులో నడిచే పలు వర్చువల్ మెషీన్లు ఉమ్మడిగా వాడుకొనే పద్ధతి. మెమొరీని పంచినంత సులభంగా జీపీయూను పంచలేము. ఒకరి పని మరొకరిని ఆపరాదు. ఒకరి సమాచారం మరొకరికి కనబడరాదు.

పాస్‌త్రూ పద్ధతిలో కార్డు మొత్తాన్ని ఒకే మెషీనుకు అప్పగిస్తారు. వేగం పెద్దగా తగ్గదు కాని దీనిని పంపకమనలేము. 2013లో ఎన్విడియా సంస్థ గ్రిడ్ విజీపీయూను విడుదల చేసింది. ఇందులో మెమొరీని ముందే భాగాలు చేసి ఇస్తారు. గణన యూనిట్లు మాత్రం వంతులవారీగా అందరికీ పనిచేస్తాయి. కనుక పొరుగు మెషీను బరువైన పనిలో ఉన్నప్పుడు తన వంతు కొరకు వేచియుండవలసి రావచ్చు. 2016లో ఏఎండీ తెచ్చిన ఫైర్‌ప్రో ఎస్7150 కార్డులో ఈ విభజనను హార్డువేరే చేస్తుంది. గరిష్ఠంగా 16 మంది వాడుకోవచ్చు.

2020లో వచ్చిన ఎన్విడియా ఏ100లో గణన యూనిట్లను కూడ విడదీసి ఇచ్చే వీలు కలిగింది. దీనికి మిగ్ అని పేరు. 40 జీబీ కార్డును 7 భాగాలు చేస్తే ఒక్కొక్కదానికి 14 గణన యూనిట్లు, సుమారు 5 జీబీ మెమొరీ వస్తాయి. అంటే 108 యూనిట్లలో 98 మాత్రమే, 40 జీబీలో సుమారు 35 మాత్రమే వాడుకలోకి వస్తాయి. సమాన వాటాల లెక్కలో మిగిలినది ఎవరికీ చెందదు. పైగా ఒక భాగం పరిమాణం మార్చాలంటే అందులో నడుస్తున్న పనిని ఆపవలసి ఉంటుంది.