టోకెను అప్పగింత

మా స్టేషన్ ఘనపూర్ మీదుగా సాగే రైలుదారి నిజాం కాలం నాటిది. 1874లో వాడి నుండి సికింద్రాబాదు చేరిన పట్టాలు 1889 నాటికి ఇటుగా బెజవాడను అందుకున్నాయి. ఒంటిపట్టాల మార్గాలలో ఒక కట్టుబాటు ఉండేది: టోకెను చేతికందనిదే బండి కదలరాదు, అవతలి స్టేషనులో అప్పగించనిదే మరో బండికి దారి లేదు.

1982లో ఫిలిప్స్ సంస్థ రూపొందించిన ఐ-స్క్వేర్డ్-సి బస్సుదీ ఇదే నీతి. రెండే తీగలు, ఒకటి గడియారానికి, ఒకటి సమాచారానికి. వాటిపై ఎన్నో చిప్పులు. లినక్స్ కెర్నెల్‌లో మాట కలిపే ముందు తాళం పుచ్చుకోవాలి, ముగిశాక విడవాలి.

ఒకసారి అటువంటి డ్రైవరు ప్యాచ్‌ను సమీక్షిస్తూ సమ్మతి తెలుపబోయాను. ఎందుకో మరల చదివాను. చిప్పు బదులివ్వని సందర్భంలో ఆ ఫంక్షను తాళం విడువకుండానే వెనుదిరుగుతోంది! ఒక్క చిప్పు మౌనం వహిస్తే బస్సుపై తక్కినవన్నీ నిరీక్షణలోనే ఉండిపోతాయి. పరీక్షలలో అన్ని చిప్పులూ బదులిచ్చాయి గనుక ఈ లోపం బయటపడలేదు.

2003లో ఎస్‌సిఓ సంస్థ ఐబిఎంపై వేసిన దావా దరిమిలా, 2004లో కెర్నెల్ ప్యాచ్‌లకు సంతకపు వరుస వచ్చింది. సమీక్షకుని పేరూ అక్కడే చేరి, చరిత్రలో నిలిచిపోతుంది. టోకెను వెనక్కి వచ్చిందో లేదో చూడకుండా పచ్చజెండా ఊపిన వానిగా నిలిచిపోవడం నాకిష్టం లేకపోయింది.