డియర్‌బోర్న్: అమెరికా ప్రైమరీల్లో ముస్లిం ఓటు

అమెరికాలో పార్టీ అధ్యక్ష అభ్యర్థిని తేల్చేవే ప్రైమరీలు. పార్టీ పెద్దల అండ లేకుండా బరిలోకి దిగేవాళ్లకు మైనారిటీ ఓట్లే అసలు పరీక్ష. 2016లో హిల్లరీ క్లింటన్‌పై పోటీచేసిన బెర్నీ శాండర్స్‌కు ఫిబ్రవరి 27న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు దూరంగానే ఉన్నారు. అక్కడ దక్కింది మొత్తం 26 శాతమే. పదిరోజులకే మిషిగన్‌లో సీన్ మారింది. అరబ్ ముస్లింలు ఎక్కువగా ఉండే డియర్‌బోర్న్ ఆయన్నే గెలిపించింది. యూదు కుటుంబంలో పుట్టినాయనకు ముస్లింలు ఓటేయడమేంటని కొందరు ఆశ్చర్యపోయారు. అంతకుముందే, 2015 అక్టోబర్‌లో ఒక ముస్లిం విద్యార్థినిని వేదికపైకి పిలిచి మరీ ముస్లిం ద్వేషాన్ని ఖండించారాయన. రాష్ట్రమంతటా తేడా రెండు శాతంలోపే, అంటే డియర్‌బోర్న్ ఓట్లు ఊరికే పోలేదు. 2024లో అదే ఊళ్లో, గాజా యుద్ధంపై నిరసనగా, బైడెన్‌ కన్నా ‘అన్‌కమిటెడ్‌’కే ఎక్కువ ఓట్లు పడ్డాయి.