ఐరిషు భాష: నేటి వ్యవహారస్థితి

ఐర్లండు దేశమునందు ఐరిషు మాటలాడువా రెందఱను ప్రశ్నకు రెండు సమాధానములు గలవు. రెండును ఆ దేశపు జనాభా లెక్కలలోనివే. 2022 వ సంవత్సరమున మూడేండ్లును అంతకు మించిన వయస్సును గలవారిలో 18,73,997 మంది తమకు ఐరిషు మాటలాడ వచ్చునని వ్రాసిరి. ఇది నూటికి నలువది పాలు. ఆ లెక్కలలోనే, పాఠశాలల వెలుపల ప్రతిదినము ఆ భాషను వాడుదుమని చెప్పినవారు 71,968 మంది మాత్రమే. ఒకే పత్రముపై ఒకే జనులు వ్రాసిన ఈ రెండు సంఖ్యలకును ఇరువదియాఱు రెట్ల భేదమున్నది. ఈ భేద మెట్లు కలిగెనో తెలిసికొన్నగాని ఆ భాషయొక్క నేటి స్థితి బోధపడదు.

ఐరిషు అనగా ఐర్లండువారు పలుకు ఇంగ్లీషని కొందఱు తలంతురు. అది పొరపాటు. ఐరిషు కెల్టిక్ శాఖలోని స్వతంత్రభాష. స్కాట్లండులోని గేలికును, మాన్ ద్వీపమునందలి మాంక్సును దానికి తోబుట్టువులు. వేల్సు భాష దాయాది. ఇంగ్లీషుతో దానికి గల చుట్టఱికము సంస్కృతముతో నున్నట్లే దూరపుది. సంస్కృతమున 'రాజ' శబ్దమునకు ఐరిషున 'రీ' యనియు, 'దశ'కు 'దెహ్' అనియు, 'గో' శబ్దమునకు 'బో' అనియు, 'అశ్వ'మునకు ప్రాచీన ఐరిషున 'ఎఖ్' అనియు రూపములు గలవు. ఓగము లిపిలో చెక్కిన ఱాతిశాసనములు దాని తొలి సాక్ష్యములు. ఎనిమిది తొమ్మిదవ శతాబ్దులలో ఐరిషు సన్న్యాసులు లాటిను గ్రంథముల అంచులందును పంక్తుల నడుమను వ్రాసికొన్న టిప్పణములు జర్మనీ, స్విట్జర్లండు, ఇటలీ దేశముల గ్రంథాలయములలో నేటికిని నిలిచియున్నవి. వానిని ఆధారముగా గొని 1853 లో జోయిస్ అను జర్మను పండితుడు కెల్టిక్ భాషల వ్యాకరణమును రచించెను.

ఈ భాషాపరిశోధనకు మన దేశముతో నొక సంబంధము గలదు. డబ్లిను నగరమున పుట్టిన విట్లీ స్టోక్సు 1862 లో న్యాయవాదిగా చెన్నపురికి వచ్చి, తరువాత ప్రభుత్వపు శాసనశాఖలో పెద్ద పదవులు నిర్వహించెను. పగలెల్ల హిందూదేశపు శాసనములతో మెలగుచునే అతడు ప్రాచీన ఐరిషు గ్రంథములను పరిష్కరించుచుండెను. కోర్మాకు నిఘంటువునకు జాన్ ఓడొనొవన్ చేసిన అనువాదమును అతడు టీకతో 1868 లో కలకత్తాలో అచ్చువేయించెను. భాషను పలుకువారి సంఖ్య స్వదేశమున వేగముగా తఱుగుచున్న దినములలో దాని పూర్వగ్రంథములు గంగాతీరమున వెలుగు చూచుట విచిత్రమే.

ఆ తఱుగుదల యెట్లు కలిగినది? శాసనములవలననే అని సామాన్యముగా చెప్పుదురు. 1366 నాటి కిల్కెన్నీ శాసనము ఐరిషును నిషేధించిన మాట నిజమే; కాని ఆ నిషేధము ఐర్లండున స్థిరపడిన ఇంగ్లీషువారికి విధింపబడినది. వలస వచ్చినవారు సైతము దేశభాషలో కలిసిపోవుచుండిరనుటకు అది సాక్ష్యము. నిజమైన దెబ్బ 1601 లో కిన్‌సేలు యుద్ధముతో తగిలినది. అందు ఓడిన ఉత్తరదేశపు ప్రభువులు 1607 లో నౌక యెక్కి ఐరోపాఖండమునకు వెడలిపోయిరి. ప్రభువులతోపాటు కవుల పోషణమును పోయెను. తరతరములుగా ఛందస్సును, వంశచరిత్రములను గఱపుచుండిన కవిపాఠశాలలు ఆ శతాబ్దిలోనే మూతపడెను. పండితులను కోల్పోయిన భాష పల్లెవారి నోట మఱి రెండువందల యేండ్లు బ్రతికినది గాని, అది కచేరీభాష కాదు, విద్యాభాష కాదు, అంగడిభాషయు కాదు.

1831 లో ప్రభుత్వము ఏర్పఱచిన పాఠశాలలలో చదువంతయు ఇంగ్లీషుననే సాగెను. పిల్లవాని మెడలో నొక కఱ్ఱను కట్టి, వాడు ఐరిషు పలికినప్పుడెల్ల దానిపై నొక గాటు పెట్టి, గాటుల లెక్కను బట్టి దండించు ఆచారము పలుతావుల నుండెను. ఇందు గమనింపదగిన దేమన, ఆ గాటులు పెట్టువారిలో తల్లిదండ్రులును ఉండుట. వారికి తమ భాషయందు ద్వేషము లేదు. ఇంగ్లీషు రానివానికి పట్టణమున పని లేదు, అమెరికాలో బ్రతుకు లేదు అని వారెఱుగుదురు. ఇంతలో 1845 లో ఉర్లగడ్డ పంటకు తెగులు సోకి మహాక్షామము వచ్చినది. పదిలక్షల జనులు చచ్చిరి. మఱి పదిలక్షలు దేశము విడిచిరి. చచ్చినవారిలోను పోయినవారిలోను పడమటి తీరపు బీదలు, అనగా ఐరిషు తప్ప వేఱుభాష యెఱుగనివారు, చాలమంది యుండిరి. భాషను గూర్చి జనాభా లెక్కలలో తొలుత ప్రశ్నించినది 1851 లో. అప్పటికి ఐరిషు వచ్చినవారు 15,24,286 మంది. అందు ఇంగ్లీషు బొత్తిగా రానివారు 3,19,602. 1911 నాటికి మొత్తము సంఖ్య 5,82,446 కు దిగెను. అఱువదేండ్లలో నూటికి అఱువదిరెండు పాళ్లు తగ్గెనన్నమాట.

1892 లో డగ్లస్ హైడ్ ఐర్లండు ఆంగ్లీకరణమును వదలించుకొనవలసిన ఆవశ్యకమును గుఱించి యుపన్యసించెను. అతడు ప్రొటెస్టెంటు మతాచార్యుని కుమారుడు. మఱుసటి యేడు గేలిక్ లీగు స్థాపింపబడి, రాత్రిపాఠశాలలు వెలసి, పట్టణములలోని గుమాస్తాలు తమ తాతలు విడిచిన భాషను పుస్తకములనుండి నేర్వసాగిరి. స్వపరిపాలనము వచ్చిన 1922 లో ఐరిషు జాతీయభాష యయ్యెను. 1937 నాటి రాజ్యాంగము దానిని ప్రథమాధికారభాషగాను, ఇంగ్లీషును ద్వితీయభాషగాను నిర్ణయించెను. 1938 లో హైడే ఆ దేశపు తొలి అధ్యక్షుడాయెను.

అప్పటినుండి లెక్కలు పైకి లేచినవి. అయితే లేచినది బడిలోని లెక్క. ఐరిషు పాఠశాలలలో నిర్బంధవిషయము కాగా, బిడ్డలందఱును దానిని చదువవలసినవారైరి. 1973 వఱకు ఐరిషున తప్పినవానికి ఉన్నతపాఠశాల పట్టాయే దొరకదు. నేడు పాఠశాలలో మాత్రమే ప్రతిదినము ఐరిషు వాడువారు 5,53,965 మంది. 2022 లో, వచ్చునన్నవారిని 'ఎంత బాగుగ వచ్చు'నని యడుగగా, మిక్కిలి బాగుగ వచ్చునన్నవారు 1,95,029; నూటికి ఏబదియైదుగురు అంత బాగుగ రాదనిరి. ఎన్నడును పలుకమని చెప్పినవారు 4,72,887. మన దేశపు లెక్కలలో మాతృభాష యేదని యడుగుదురు. అచ్చట ఐరిషు మాటలాడగలవా యని యడుగుదురు. నేర్చిన విద్యకును ఇంటి వాడుకకును గల దూరము ఈ ప్రశ్నాభేదముననే యున్నది. నలువది పాళ్లను చూచి సంతసించువారు అది విద్యాశాఖవారి విజయమని యెఱుగవలెను. అది స్వల్పవిజయము కాదు, కాని భాష బ్రతికినదనుటకు అదియొక్కటే చాలదు.

తల్లినుండి బిడ్డకు భాష వచ్చుచున్న ప్రదేశములను 'గేల్టాక్టు' అందురు. ఇవి డోనెగాల్, మేయో, గాల్వే, కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్, మీథ్ అను ఏడు మండలములలో ముక్కలు ముక్కలుగా నున్నవి. అధికభాగము పడమటి సముద్రతీరముననే. ఱాళ్లును బురదయును గల నేలలు. మీథ్ మాత్రము తూర్పున డబ్లినునకు చేరువ నున్నది. అచ్చటి రాత్‌కార్న్ గ్రామమునకు 1935 లో కానెమారానుండి కొన్ని కుటుంబములను తెచ్చి ప్రభుత్వము మంచి భూములిచ్చినది. చుట్టును ఇంగ్లీషు పలుకు పల్లెల నడుమ ఆ గ్రామము తన భాషను నిలుపుకొన్నను, గేల్టాక్టుగా గుర్తింపు దొరకుటకు 1967 వఱకు వేచియుండవలసివచ్చెను. గేల్టాక్టులలో 2022 నాటికి ఐరిషు వచ్చినవారు 65,156 మంది, నూటికి అఱువదియాఱు పాళ్లు. 2011 లో ఇది అఱువదితొమ్మిది. బడి వెలుపల ప్రతిదినము వాడువారు 20,261 మంది మాత్రమే. 2007 లో ప్రభుత్వము ప్రకటించిన యొక పరిశోధనము, చుఱుకుగా వాడువారు నూటికి అఱువదియేడుగురికంటె తక్కువైన చోట భాష గ్రామభాషగా నిలువజాలదని తేల్చినది. ఇంగ్లీషు ఇంటిభాషగా గలవా రొకరిద్దఱు చేరినను సభయంతయు ఇంగ్లీషునకు తిరుగును. ఐరిషువారందఱికి ఇంగ్లీషు వచ్చుటయే దీనికి హేతువు. 1851 లోని మూడులక్షల ఏకభాషీయులు ఆ భాషకు గోడవలె నుండిరి. ఆ గోడ నేడు లేదు.

ఇట్లుండగా ప్రతిదినము వాడు 71,968 మందిలో ముప్పాతికకు చేరువైనవారు గేల్టాక్టుల వెలుపల, ముఖ్యముగా పట్టణములలో నున్నారు. వీరిలో పలువురు సర్వవిషయములను ఐరిషుననే బోధించు పాఠశాలలకు చెందినవారు. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున 1969 లో కొన్ని కుటుంబములు, ఐరిషు ఎవరికిని జన్మభాష కాకపోయినను, ప్రక్కప్రక్కన ఇండ్లు కట్టుకొని బిడ్డలతో ఐరిషుననే మాటలాడ నిశ్చయించి, 1971 లో బడియును తెఱచిరి. ఆ ప్రాంతమున 2021 లెక్కలలో ఐరిషుతో కొంత పరిచయము గలవారు నూటికి 12.4 పాళ్లు. 2022 నాటి చట్టము అచ్చట ఆ భాషకు అధికారస్థానమిచ్చినది. 1737 నుండి న్యాయస్థానములలో దానిపైనున్న నిషేధమును తొలగించుటకును ఏర్పాటు చేసినది.

పట్టణపు ఐరిషును పల్లెవారు మెచ్చరు. ఉల్‌స్టర్, కానాక్ట్, మన్‌స్టర్ అను మూడు మాండలికములలో దేనికిని చెందక, 1958 లో ప్రభుత్వము ప్రకటించిన ప్రామాణికరూపముననుసరించి, ఇంగ్లీషు ఉచ్చారణతో పలుకబడుచున్నదని వారి యాక్షేపము. ఇందు సత్యము లేకపోలేదు. కాని పల్లెల యువకులే తమలో తాము ఇంగ్లీషున మాటలాడుకొనుచున్నప్పుడు, పట్టణమున ఇల్లు కట్టి ఐరిషు పలుకువానిని తప్పుపట్టుట న్యాయముకాదు.

ప్రభుత్వసహాయమున కిపుడు కొదువలేదు. 1972 నుండి గేల్టాక్టు రేడియో, 1996 నుండి టెలివిజను నడుచుచున్నవి. 2007 లో ఐరోపాసమాఖ్య యధికారభాషలలో ఐరిషు చేరినది. అనువాదకులు చాలక కొన్నియేండ్లు నిలిపియుంచిన పూర్ణస్థానము 2022 జనవరి 1 న లభించినది. ప్రభుత్వోద్యోగములలో క్రొత్తగా చేరువారిలో ఐదవవంతు మందికి 2030 నాటికి ఐరిషు రావలెనని 2021 నాటి చట్టము లక్ష్యము పెట్టినది. అయినను 2016 నుండి 2022 వఱకు ఐరిషు వచ్చునన్నవారు 17,61,420 నుండి 18,73,997 కు పెరుగగా, బడి వెలుపల ప్రతిదినము పలుకువారు 73,803 నుండి 71,968 కి తగ్గిరి. గేల్టాక్టులలో ఆ సంఖ్య 20,586 నుండి 20,261 కి దిగినది.