తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ శస్త్రచికిత్స పరిశోధనలు

కణితి చిన్నదిగా ఉండి, శోషరస గ్రంథులకు గానీ ఇతర అవయవాలకు గానీ వ్యాపించని స్థితిని తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటారు. ఈ దశలో వ్యాధిని పూర్తిగా నయం చేసే అవకాశం ఉంది. ప్రధానమైన చికిత్స శస్త్రచికిత్స. అయితే ఊపిరితిత్తిలో ఎంత భాగాన్ని కోసి తీయాలి అనే విషయమై వైద్యులలో చాలాకాలం భిన్నాభిప్రాయాలు ఉండేవి. ఎక్కువ తీస్తే రోగికి ఊపిరి తగ్గుతుంది. తక్కువ తీస్తే క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. పెద్దవారిలో తీసివేసిన భాగం తిరిగి పెరగదు. ఈ రోగులలో అనేకులు వృద్ధులు, పొగత్రాగుట వలన శ్వాసశక్తి ముందే క్షీణించినవారు కాబట్టి ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం ఎక్కువ.

ఈ వ్యాసంలోని పరిశోధనలు చిన్నకణాలు కాని రకపు క్యాన్సర్‌కు సంబంధించినవి. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో అధికభాగం ఈ రకానివే.

ఊపిరితిత్తి నిర్మాణం

కుడి ఊపిరితిత్తిలో మూడు, ఎడమదానిలో రెండు పెద్ద భాగాలు ఉంటాయి. వీటిని లంబికలు (లోబ్‌లు) అంటారు. ప్రతి లంబిక మరల చిన్న ఖండికలుగా విభజింపబడి ఉంటుంది. ఒక్కొక్క ఖండికకు ప్రత్యేకంగా గాలిగొట్టం, రక్తనాళం ఉంటాయి. అందువలన ఒక ఖండికను మాత్రమే వేరుచేసి తీయడం సాధ్యమవుతుంది.

చరిత్ర

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహం అనే శస్త్రవైద్యుడు క్యాన్సర్ సోకిన ఒక ఊపిరితిత్తిని మొత్తంగా తొలగించాడు. రోగి కూడా వైద్యుడే. అతడు ఆ తరువాత దాదాపు 30 సంవత్సరాలు జీవించాడు. పొగత్రాగుటకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గల సంబంధాన్ని చూపిన 1950 నాటి ప్రసిద్ధ పరిశోధనలో గ్రాహం భాగస్వామి. ఆయన స్వయంగా పొగత్రాగేవాడు. 1957లో అదే వ్యాధితో మరణించాడు.

క్రమంగా, కణితి ఒక లంబికకే పరిమితమైనప్పుడు ఆ లంబికను తీస్తే చాలునని వైద్యులు గ్రహించారు. ఇంకా తక్కువ తీయరాదా అన్న ప్రశ్నపై 1982లో ఉత్తర అమెరికాలో ఒక పరీక్ష మొదలైంది. ఏ రోగికి ఏ శస్త్రచికిత్స అన్నది వైద్యుని ఇష్టానికి వదలక, చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. లేనిచో బలహీనులందరూ ఒక వర్గంలోనే చేరి, ఫలితం తప్పుదారి పట్టించేది. 247 మందికి సంబంధించిన ఫలితాలను రాబర్ట్ గిన్స్‌బర్గ్, లారెన్స్ రూబిన్‌స్టైన్ 1995లో ప్రకటించారు. తక్కువ భాగం తీసినవారిలో క్యాన్సర్ అదే చోట తిరిగి వచ్చుట మూడు రెట్లు అధికంగా కనిపించింది. దీనితో లంబిక తొలగింపే ప్రామాణిక చికిత్సగా స్థిరపడి, పాతికేళ్ళకు పైగా నిలిచింది.

2022, 2023 ఫలితాలు

1995 నాటి తీర్పును ఆనాటి పరిమితులతో కలిపి చూడాలి. అందులో 3 సెంటీమీటర్ల వరకు ఉన్న కణితులను చేర్చుకున్నారు. తరువాతి కాలంలో సి.టి. స్కానింగ్ విస్తరించడంతో అంతకంటే చాలా చిన్న కణితులు బయటపడసాగాయి.

జపాన్‌లో 2 సెంటీమీటర్లకు మించని కణితులు గల 1,106 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఐదేళ్ళ తరువాత జీవించి ఉన్నవారు ఖండిక తీసిన వర్గంలో 94.3 శాతం, లంబిక తీసిన వర్గంలో 91.1 శాతం. వింత ఏమనగా, క్యాన్సర్ అదే ప్రాంతంలో తిరగబెట్టుట ఖండిక వర్గంలోనే ఎక్కువ (10.5 శాతం, రెండవ వర్గంలో 5.4 శాతం). అయినను మరణాలు తక్కువ. లంబిక తీసినవారిలో ఇతర వ్యాధుల వలన మరణించినవారు అధికంగా ఉండుటే ఈ తేడాకు ముఖ్య కారణం. మిగిలిన ఊపిరితిత్తి తరువాతి జబ్బులను తట్టుకొనుటకు తోడ్పడి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం. కానీ కొలిచిన శ్వాసశక్తిలో తేడా అనుకున్నంత పెద్దది కాదు. కనుక ఈ వివరణను నిరూపితమైనదిగా భావించరాదు.

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో 697 మందిపై జరిగిన మరొక పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఐదేళ్ళ జీవనం తక్కువ భాగం తీసినవారిలో 80.3 శాతం, లంబిక తీసినవారిలో 78.9 శాతం, అనగా దాదాపు సమానం. ఇందులో శస్త్రచికిత్స సమయంలోనే శోషరస గ్రంథులను పరీక్షించి, వాటిలో క్యాన్సర్ లేదని నిర్ధారించుకున్న వారినే చేర్చుకున్నారు. ఈ నియమాన్ని మరచి ఫలితాన్ని అందరికీ వర్తింపజేయడం సరికాదు.

శస్త్రచికిత్సకు తట్టుకోలేనివారు

వీరికి కణితిపై అనేక దిశల నుండి అధిక మోతాదు రేడియేషన్‌ను కేంద్రీకరించే పద్ధతి ఉంది. 55 మందిపై జరిగి 2010లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, మూడేళ్ళకు అసలు కణితి అదుపులో ఉన్నది 97.6 శాతం మందిలో. అయితే జీవించి ఉన్నవారు 55.8 శాతమే, వీరిలో చాలామందికి ఇతర తీవ్ర వ్యాధులు ఉండేవి. ఆరోగ్యవంతులలో దీనిని శస్త్రచికిత్సతో పోల్చుటకు చేపట్టిన పరీక్షలు తగినంతమంది చేరక మధ్యలో ఆగిపోయాయి. కత్తా, కిరణమా అన్నది చీటీకి వదలడానికి రోగులు ఒప్పుకోకపోవడం సహజమే. అటువంటి రెండు పరీక్షలను కలిపి 2015లో ప్రకటించిన ఫలితం రేడియేషన్‌కు అనుకూలంగా ఉన్నా, మొత్తం 58 మందితో తుది నిర్ణయానికి రాలేము.

భారతదేశంలో

భారతదేశంలో అధికసంఖ్యాకులకు వ్యాధి ముదిరిన తరువాతే నిర్ధారణ అవుతుంది. దగ్గు, కఫంలో రక్తం, బరువు తగ్గుట క్షయలోనూ కనిపిస్తాయి. ఎక్స్‌రేలో మచ్చను క్షయగా భావించి, కఫ పరీక్షలో రుజువు కాకున్నా నెలల తరబడి మందులు వాడిన సందర్భాలు వైద్య గ్రంథాలలో తరచుగా నమోదయ్యాయి. ఆ ఆలస్యంలో కణితి వ్యాపిస్తే లంబికా, ఖండికా అన్న ప్రశ్నే ఉదయించదు.